తేనెపెట్టెలకు కట్టిన నల్లచీర

"అయిదింటికి పోలీసులు వచ్చి నన్ను తీసుకెళ్తారు ఆంటీ. ఇన్సూరెన్స్ ఫణి గారు చెప్పారు. బ్యాగ్ ప్యాక్ చేసుకోమన్నారు."

స్మృతి ఆ మాట ఏడవకుండా చెప్పింది. ఏడ్చి ఉంటే రాధారాణికి అంత భయం వేసేది కాదు.

గోడ గడియారంలో మూడు దాటింది. ఆ పిల్ల సోఫా అంచున కూర్చుని రెండు అరచేతులూ ఒళ్లో వెల్లకిలా పెట్టుకుంది. చేతుల నిండా గోరింటాకు. ఎర్రగా, నల్లబడేంత ఎర్రగా పండింది. మొగుడు పోయిన మర్నాడు ఆ చేతులు ఎక్కడ దాచుకోవాలో తెలియక అలా పెట్టుకుని కూర్చుంది.

రాధారాణి అమెరికాలో, మోరిస్‌విల్‌లో ప్రైవేట్ డిటెక్టివ్. అంతకుముందు ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకునేది. నిన్న రాత్రి స్మృతి వాళ్లమ్మ ఫోన్ చేసి ఒక్కటే మాట అంది, "రాధా, నా పిల్లని జైలుకి పోనివ్వకు." అందుకని పొద్దున్నే కారేసుకుని ఈ అడవిలోకి వచ్చింది.

అడవిలో ఉన్న ఈ ఇంటి పేరు మార్‌డేల్ హాల్. ఎప్పుడో పొగాకు వ్యాపారం చేసిన ఒక ఇంగ్లీషు దొర కట్టించింది. ఇల్లూ, చెరువూ, గడ్డి పొలాలూ, లార్డ్ అనే బిరుదూ, అన్నీ కలిపి ఆరేళ్ల కిందట స్మృతి మొగుడు జూలియన్ నెత్తిన పడ్డాయి. అప్పటిదాకా అతను ఇంగ్లండ్‌లో బడి పంతులు. పెదనాన్నకి పిల్లలు లేక ఇతనికి వచ్చింది. పేరుకి లార్డ్. పైకప్పు కారితే తనే నిచ్చెన ఎక్కేవాడు. పొద్దున్నే బురద బూట్లు తొడుక్కుని కంచె చుట్టూ తిరిగేవాడు. గడ్డి కోయించి అమ్మాడు. గుర్రాల కొట్టాలు అద్దెకిచ్చాడు. అయినా ఆ ఇంటి ఆకలి తీరలేదు. చివరికి చెరువు పక్క లాన్‌ని మనవాళ్ల పెళ్లిళ్లకి ఇవ్వడం మొదలుపెట్టాడు. అలా ఒక పెళ్లి బుక్ చేయడానికి వచ్చిన ఈవెంట్ ప్లానరే స్మృతి. వచ్చిన పిల్ల ఉండిపోయింది.

నిన్న పదకొండింటికి, అంకిత అనే అమ్మాయి పెళ్లి అయిపోయి బంతి భోజనాలు జరుగుతుంటే, జూలియన్ చెరువులో తేలాడు. తల వెనక దెబ్బ. తెల్లవారుజామున పోయాడని పోలీసు డాక్టరు చెప్పాడు.

"ముందురోజు సాయంత్రం మీరిద్దరూ పోట్లాడుకున్నారట. పెళ్లివాళ్లందరూ విన్నారట. దేనికి?" అంది రాధారాణి.

స్మృతి తల దించుకుంది.

"పోలీసులకి చెప్పకపోతే చెప్పకపోయావు. నాకు చెప్పు."

"రెస్ట్ తీసుకోమన్నాడు ఆంటీ. పెళ్లి పనులు వేరేవాళ్లకి ఇచ్చేయమన్నాడు. నేను నో అన్నాను. అరిచాడు. నేను కూడా అరిచాను." ఆగి, గొంతు తగ్గించింది. "నాకు థర్డ్ మంత్. మమ్మీకి కూడా చెప్పలేదు."

రాధారాణి ఆ పిల్ల పక్కకి వచ్చి కూర్చుంది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "ఈ ఇల్లు ఎవరికి వస్తుంది స్మృతీ?"

"నాకు రాదు. ట్రస్ట్ రూల్. మగ వారసులకే. బాయ్ పుడితే వాడికి. లేకపోతే కజిన్ నైజెల్‌కి."

"కడుపుతో ఉన్నావని ఎవరెవరికి తెలుసు?"

"జూలియన్‌కి. నాకు. అండ్... లాస్ట్ వీక్ ఫోన్‌లో నైజెల్‌కి చెప్పేశాడు. హీ వాజ్ సో హ్యాపీ ఆంటీ. ఆపుకోలేకపోయాడు."

అప్పుడే తలుపు తెరుచుకుంది. టీ ట్రే పట్టుకుని నైజెల్ వచ్చాడు. జూలియన్ చిన్నాన్న కొడుకు. సన్నగా, పొడుగ్గా, బాగా ఇస్త్రీ చేసిన నల్లకోటులో ఉన్నాడు. కప్పులు పెట్టేటప్పుడు చిన్న చప్పుడైనా కాలేదు. నడుముకి ఒక పెద్ద ఇనప తాళంచెవి వేలాడుతోంది.

"మీరు నిన్ననే వచ్చారట," అంది రాధారాణి ఇంగ్లీషులో.

"నిన్న మధ్యాహ్నం. లండన్ నుంచి. ముందే అనుకున్న ప్రయాణం. ఎయిర్‌పోర్ట్ నుంచి క్యాబ్‌లో దిగేసరికి ఇంటి ముందు పోలీసు కార్లు."

"అయినా చక్కెర గిన్నె ఏ అరలో ఉందో తెలిసినట్టుంది మీకు."

"నా సెలవులన్నీ ఇక్కడే గడిచాయి మేడమ్. పెదనాన్న నన్ను చెయ్యి పట్టుకుని ఈ తోటంతా తిప్పారు. జూలియన్ వచ్చేదాకా ఇది ఇల్లు. తర్వాత సత్రం అయింది." నవ్వుతూనే అన్నాడు. నవ్వు కళ్లదాకా పోలేదు.

"ఆ తాళంచెవి?"

"సింహద్వారానిది. ముసలి నౌకరు హాబ్స్ ఇచ్చాడు. కొత్త యజమానికి ఇవ్వడం ఇక్కడ పద్ధతి."

అతను వెళ్లిపోయాక కూడా గదిలో ఆ చల్లదనం పోలేదు. రాధారాణి టీ ముట్టుకోలేదు. స్మృతిని ముట్టుకోనివ్వలేదు.

"నిన్న పొద్దున్నుంచి నీకు వింతగా అనిపించింది ఏదైనా ఉందా? ఎంత చిన్నదైనా సరే."

స్మృతి ఆలోచించింది. "బీ హైవ్స్. తేనెపెట్టెలు ఆంటీ. ముహూర్తానికి ముందు, సెవెన్‌కి, అంకిత వాళ్ల అత్త వచ్చి అరిచింది. మండపానికి ఎదురుగా పెట్టెలన్నిటికీ నల్లగుడ్డలు ఏంటి, శుభమా అని. చూస్తే నిజంగానే ఉన్నాయి. నేను హాబ్స్‌ని తీసేయమని అడిగాను."

"తీశాడా?"

"లేదు. 'సారీ మై లేడీ, అవి తీయకూడదు' అన్నాడు. ఆయన నాకు నో చెప్పడం ఫస్ట్ టైమ్. టైమ్ లేదు కదా, పూల తెర అడ్డం పెట్టించేశాను."

రాధారాణి లేచి నిలబడింది. ఏడింటికి నల్లగుడ్డ. పదకొండింటికి శవం. మధ్యలో ఈ ఇంట్లో చావు జరిగిందని ఎవరికీ తెలియదు. మరి ఆ గుడ్డలు ఎవరి కోసం?

"నేను వచ్చేదాకా ఈ గది దాటకు," అంది.

*

తేనెపెట్టెలు కంచె మొక్కల వెనక వరసగా ఉన్నాయి. తెల్లరంగు వేసిన చెక్క పెట్టెలు. ఒక్కోదానికి నడుము చుట్టూ నల్ల పట్టు ముక్క, దాని చివర బంగారు జరీ. దూరం నుంచి చూస్తే వరసగా నిలబడిన పిల్లలకి మైల బట్ట కట్టినట్టుంది.

అక్టోబరు ఎండ బాగానే కాస్తోంది. పెట్టెల దగ్గర ఒక్క ఈగ ఎగరడం లేదు. రాధారాణి వంగి చెవి పెట్టింది. లోపల ఉన్నాయి. అన్నీ ఉన్నాయి. వేల ఈగలు ఒకటే ఊపిరి పీలుస్తున్నట్టు, సన్నగా, ఆగకుండా ఒకటే మోత. ఎవరో చెప్పేది వినడానికి గొంతు తగ్గించినట్టుంది.

"ఏంది రాధక్కా, తేనె కొనుక్కపోతందుకు వచ్చినవా?"

ఫణి. చేతిలో కాఫీ కప్పు, మెడలో ఇన్సూరెన్స్ కంపెనీ బ్యాడ్జి. ఒకప్పుడు రాధారాణి కింద పని నేర్చుకున్నవాడు. ఆవిడ మానేశాక ఆ కుర్చీలో కూర్చున్నవాడు.

"క్లోజ్ అయిన కేస్‌కి పిలవకుండ వస్తవెందుకు అక్కా?"

"నువ్వు క్లోజ్ చేసినవి మళ్లీ తెరవడమేగా ఫణీ, నాకు అన్నం పెడుతోంది."

ఫణి ముఖం మాడింది. కాఫీ ఒక గుక్క తాగి పెట్టెల వైపు చెయ్యి చూపించాడు. "నువ్వే చూడు. పట్టుచీర. నల్లది. ఎవరిది? స్మృతిది. ఆమె బీరువాల సగం చీర ఇంకా ఉంది, మిగతా సగం ఈడ ఉంది. పాలసీల నామినీ ఎవరు? స్మృతి. రాత్రి గొడవ అయిందా? అయింది. పొద్దున మొగుడు చెరువుల తేలిండా? తేలిండు. కౌంటీ డిటెక్టివ్‌కి రిపోర్ట్ ఇచ్చేసిన. ఇంకేం గావాలె నీకు?"

"పెళ్లి పనులన్నీ నెత్తిన వేసుకున్న పిల్ల, ముహూర్తం పూట, మండపానికి ఎదురుగా నల్లగుడ్డ కడుతుందా?"

"ఆమె ఈడనే పుట్టింది అక్కా. శుభం, అశుభం ఆమెకేం ఎరుక?"

"సరే. ఆ పిల్లకి ఎరుక లేదనే అనుకుందాం. నీకు గోరింటాకు ఎరుకేనా?"

ఫణికి అర్థం కాలేదు. రాధారాణి స్మృతి దగ్గర తీసుకున్న ఫోన్ తెరిచి వీడియో చూపించింది. పెళ్లికూతురి గది. కిందే పరుపులు పరిచి ఆడపిల్లలందరూ పడుకున్నారు. మధ్యలో స్మృతి నోరు తెరుచుకుని నిద్రపోతోంది. రెండు చేతులకీ మోచేతిదాకా గోరింటాకు ముద్ద, ఆరిపోకుండా దాని మీద ప్లాస్టిక్ కవర్లు, కవర్లకి రబ్బరు బ్యాండ్లు. ఎవరో కిసుక్కున నవ్వుతూ తీస్తున్నారు. "అక్క బాక్సర్‌లా ఉంది చూడవే," అని వెనక నుంచి ఒక గొంతు.

"ఇది తీసింది రాత్రి పడుకునేముందు. ఇదిగో, ఇంకోటి. తెల్లారి లేచి సింక్ దగ్గర కడుక్కుంటోంది. అప్పటికీ కవర్లు అలాగే ఉన్నాయి. డాక్టరు చెప్పిన టైముకి ఈ పిల్ల చేతులు ఇలా ఉన్నాయి. ఈ చేతులతో మనిషి తల పగలగొట్టి, చీర చింపి, ఇన్ని ముళ్లు వేస్తే మరక పడదా? ఆ పట్టు మీద గోరింటాకు మరక ఒక్కటి చూపించు. ఇప్పుడే నా లైసెన్సు నీ చేతిలో పెట్టి వెళ్లిపోతా."

ఫణి వంగి ఒక ముడి చూశాడు. ఇంకో పెట్టె దగ్గరికి పోయి చూశాడు. తర్వాత మూడోది. కాఫీ కప్పు ఎక్కడో పెట్టి మర్చిపోయాడు.

"మళ్ల చీర ఎట్ల వచ్చింది ఈడికి?" అన్నాడు. గొంతులో ఎగతాళి పోయింది.

"అదే నేనూ అడుగుతున్నా. చీర ఉన్నది పైన పడకగదిలో. ఆ తెల్లవారుజామున ఆ గది ఖాళీ. నల్లగుడ్డ కావాలంటే వంటింట్లో లేదా? కారు మీద కప్పే గుడ్డ లేదా? ఆడమనిషి పడకగదిలోకి దొంగచాటుగా పోయినవాడు గుడ్డ కోసం పోడు ఫణీ. మనిషి కోసం పోతాడు. మనిషి దొరక్క చీర తెచ్చుకున్నాడు."

ఫణి జేబులో ఫోన్ మోగింది. తీసి పేరు చూసి, పక్కకి తిరిగి ఇంగ్లీషులో మాట్లాడాడు. "యెస్... ష్యూర్. ఎస్టేట్ దాటనంత వరకు నాకు ప్రాబ్లం లేదు. టేక్ యువర్ టైమ్." పెట్టేశాడు.

రాధారాణి ఆ మాట పట్టించుకోలేదు. పెట్టె పై చెక్కని చూస్తోంది. తెల్లరంగు మీద మూడు చోట్ల కొత్తగా గంట్లు పడ్డాయి, ఏదో బరువైన ఇనుముతో తట్టినట్టు. పక్క పెట్టె మీదా మూడే. ఆ పక్కదాని మీదా మూడే. ఈగలు దూరే సందు ముందు ఒక ఆకు, ఆకు మీద వైన్‌లో నానిన లడ్డూ ముక్క. పెళ్లి లడ్డూ. చీమ కూడా ముట్టలేదు.

"అది వాటి వాటా మేడమ్."

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. కంచె దగ్గర హాబ్స్ నిలబడి ఉన్నాడు. ఆ ఇంటి ముసలి బట్లర్. తలుపులు తీసి, భోజనం వడ్డించి, దొరల బూట్లు తుడిచి ముసలివాడయ్యాడు. ఎప్పుడు వచ్చాడో, ఎంతసేపటినుంచి ఉన్నాడో తెలియదు.

"ఏం వాటా?"

"చావు భోజనంలో వాటా. ఇంగ్లండ్‌లో పాత ఇళ్ల పద్ధతి మేడమ్. ఇంట్లో చావు జరిగితే తేనెటీగలకి చెప్పాలి. నల్లగుడ్డ కట్టాలి. తినడానికి పెట్టాలి. చెప్పకపోతే అవి అలిగి లేచిపోతాయి. లేకపోతే చచ్చిపోతాయి. వాటి వెనకే ఇల్లూ పోతుంది."

"నువ్వు నమ్ముతవా గిది?" అని ఫణి తెలుగులో అనేసి, మళ్లీ ఇంగ్లీషులో అడిగాడు.

"పెద్ద దొర పోయినప్పుడు జూలియన్ దొర నవ్వేసి ఊరుకున్నారు. ఆ చలికాలం సగం పెట్టెలు ఖాళీ అయ్యాయి సార్. ఇంగ్లండ్ నుంచి నైజెల్ దొర వచ్చి, ఇక్కడే, ఈ మట్టిలో కూర్చుని ఏడ్చారు. నేనే లేవదీశాను."

రాధారాణి అతని ముందుకి వచ్చి నిలబడింది. "ఎవరు చెప్పాలి వాటికి? ఎవరైనా చెప్పొచ్చా?"

"అలా కుదరదు మేడమ్. కొత్త యజమానే చెప్పాలి. తానే రావాలి. సింహద్వారం తాళంచెవితో ప్రతి పెట్టె మీదా మూడుసార్లు తట్టి చెప్పాలి. సూర్యుడు రాకముందే, ఒక్కసారే. మళ్లీ మళ్లీ చెప్పకూడదు."

"నిన్న మీరు చెప్పారా?"

ముసలాయన నొచ్చుకున్నట్టు చూశాడు. "నేను నౌకరుని మేడమ్."

రాధారాణి వదల్లేదు.

"అంటే నిన్న సూర్యుడు రాకముందు నైజెల్ ఇక్కడే ఉన్నాడు."

"ఉన్నారు."

"మధ్యాహ్నం క్యాబ్‌లో దిగిండు కదా!" అన్నాడు ఫణి.

"క్యాబ్ దిగడం అందరూ చూశారు ఫణీ. విమానం దిగడం చూశావా నువ్వు?" అని రాధారాణి మళ్లీ హాబ్స్ వైపు తిరిగింది. "మీ దొరని చంపారని తెలిసీ పోలీసులకి చెప్పలేదా?"

"నన్ను ఎవరూ అడగలేదు మేడమ్. చంపడం నేను చూడలేదు. పెట్టెలకి నల్లగుడ్డ చూశాను. అంటే యజమాని మారారు. తాళంచెవి పెట్టుకునే మేకు ఖాళీగా ఉంది. అంటే ఆయనే తీసుకున్నారు. నేను లోపలికి పోయి కొత్త యజమానికి ఇష్టమైన టీ పొడి బయటికి తీసిపెట్టాను. నేను మనుషుల దగ్గర పని చేయను. ఈ ఇంటి దగ్గర పని చేస్తాను."

మోత ఒక్కసారి పెరిగి తగ్గింది. గాలి లేదు. నల్ల పట్టు చివర్లు మాత్రం సన్నగా కదిలాయి.

"ఆయన వాటితో ఏమన్నాడో విన్నారా?"

"ఈ కంచె పక్కనే ఉన్నాను."

"అక్షరం పోకుండా చెప్పండి."

హాబ్స్ నెత్తిమీద టోపీ తీశాడు. చర్చిలో నిలబడ్డట్టు నిలబడ్డాడు. గొంతు మారింది. ఆ గొంతు ఆయనది కాదనిపించింది.

"'తేనెటీగలారా, మీ దొర జూలియన్ చనిపోయాడు. మీ దొరసాని చనిపోయింది. ఆమె కడుపులో బిడ్డ చనిపోయింది. ఇప్పుడు నేను మీ యజమానిని. ఉండండి. వెళ్లకండి.'"

టోపీ మళ్లీ నెత్తిన పెట్టుకున్నాడు.

"కానీ స్మృతి బతికే ఉంది," అన్నాడు ఫణి. ఇంగ్లీషులో.

"అవును సార్. తెల్లారిపోతోందని జరగకముందే చెప్పేశారు, అందుకే నైజెల్ దొరకి నిన్నటినుంచి నిద్ర లేదు. కొత్త యజమాని వాటికి చెప్పే మొదటి మాట అది. అబద్ధం కాకూడదు."

రాధారాణి తల తిప్పి ఇంటి వైపు చూసింది. కింది అంతస్తు కిటికీ. తను వదిలి వచ్చిన గది. సోఫాలో ఎవరూ లేరు. వాకిలి తలుపు బార్లా తీసి ఉంది.

"ఫణీ." ఆవిడ గొంతు చాలా మెల్లగా వచ్చింది. "ఇందాక ఫోన్ ఎవరిది?"

ఫణి ఫోన్ బయటికి తీశాడు. "నైజెల్ అక్కా. స్మృతిని బయటికి తీసుకపోవచ్చా అని అడిగిండు. పోలీసులు తీసుకపోతే మళ్ల చూడనీకి రాదు కదా, మొగుడి సమాధికి చోటు ఆమెనే చూసి చెప్పమంటనన్నడు. పాపం అనిపించింది. నేనే... నేనే సరే అన్న."

"ఎక్కడ సమాధులు?"

ఫణి చెయ్యెత్తి చూపించాడు. గడ్డి పొలం అవతల, అడవి నల్లగా మొదలయ్యే చోట, రాతిగోడ ఒకటి సగం కనిపిస్తోంది. గోడ మలుపు దగ్గర పసుపుపచ్చ చున్నీ ఒక్క క్షణం మెరిసి చెట్లలోకి పోయింది. పక్కనే నల్లకోటు.

రాధారాణి చెప్పులు వదిలేసి పరుగు తీసింది. ఫణి ఆవిడని దాటి, బ్యాడ్జి తెంపి పారేసి, 911కి ఫోన్ చేస్తూ, "స్మృతీ! ఆగు! స్మృతీ!" అని అరుస్తూ పరిగెత్తాడు. ఆ అరుపు చెట్లదాకా పోయి ఉత్తదే తిరిగి వచ్చింది.

వెనక నుంచి హాబ్స్ మాట వినిపించింది. గట్టిగా కాదు. టీ తయారైందని చెప్పినట్టు, అదే మర్యాదతో.

"చోటు చూడ్డానికి కాదు మేడమ్. చోటు నిన్ననే చూసేశారు. పార నేనే అందించాను. రెండు గోతులు తవ్వారు."